కింది కొమ్మ

కొరీన్ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆవిడ నాటిన స్వీట్‌గమ్ చెట్టు మాత్రం ఏటా కాయలు రాలుస్తూనే ఉంది. ఆ కాయలు ఊడ్చేది అర్లెట్టా.

ఉసిరికాయంత కాయలు. కూరకా పనికిరావు, పచ్చడికా పనికిరావు. లోపలి గింజలు పిట్టలు ఏరుకుపోతాయి. మనకు మిగిలేది ఒళ్ళంతా ముళ్ళున్న డొల్ల, ఎండాక చెక్కలా గట్టిపడుతుంది. క్రిస్మస్‌కు మొదలుపెట్టి ఈస్టర్ దాకా వాకిలంతా పరుచుకుంటాయి. చెప్పుల్లేకుండా అడుగేస్తే ప్రాణం జివ్వుమంటుంది, చెప్పులేసుకుంటే గోళీల మీద నడిచినట్టు కాలు జారుతుంది. ఆ మధ్య ఉత్తరాలు తెచ్చే అమ్మాయి జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. అర్లెట్టా మొగుడు లూషియస్ ఆమెను లేపి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "కాస్త చూసుకుని నడవాలి తల్లీ" అన్నాడు. చెట్టును పల్లెత్తు మాట అనలేదు.

అర్లెట్టా చలికాలం పొద్దులన్నీ ఆ చెట్టు కిందే గడిచాయి. దంతెతో లాగడం, కుప్ప చేయడం, ఒంటిచక్రం బండిలోకెత్తి వెనక గుంటలో పోయడం. మర్నాటికి మళ్ళీ అన్నీ ఉండేవి.

పోయినవాళ్ళ కళ్ళు చారెడంటారు. కొరీన్ విషయంలో జనం కళ్ళతో ఆగలేదు. ఆవిడ చేసిన పౌండ్ కేక్ లాంటిది ఇంకెవరూ చేయలేరట. ఆవిడ పాడితే మౌంట్ నెబో చర్చి పైకప్పు లేచేదట. అదే పాటల గుంపులో ఆవిడ పక్కనే నిలబడి పాడిన అర్లెట్టాకు మాత్రం, కొరీన్ గొంతు అందరి గొంతులాగే ఉండేదనీ, రెండో చరణంలో ఎప్పుడూ ఓ అడుగు వెనకబడేదనీ గుర్తు. ఆ మాట పైకంటే ఇంకేమన్నా ఉందా! ఆ చర్చి వెనకే కొరీన్ సమాధి. రాతి మీద ఒక పక్క కొరీన్ పేరు, రెండో పక్క లూషియస్ మిమ్స్ పేరు. పుట్టిన ఏడు, ఒక గీత, గీత పక్కన ఖాళీ. ఆ ఊళ్ళో మొగుడూ పెళ్ళాలకు ఒకే రాయి, ఇద్దరి పేర్లూ ఒకేసారి చెక్కించేస్తారు. పెళ్ళయిన కొత్తలో అర్లెట్టా అక్కడ పూలు పెట్టడానికి వెళ్ళింది. తన మొగుడి పేరు ఇంకొకావిడ పక్కన చదువుకుంది. ఇంటికొచ్చి చిక్కుళ్ళు వలిచింది.

ఆ ఇంటికి ఆమె వచ్చేనాటికి కొరీన్ కూతురు డెల్ఫీన్‌కు తొమ్మిదేళ్ళు. ఆ పిల్లకు జడలల్లింది అర్లెట్టా. జ్వరమొస్తే పక్కన కూర్చుంది అర్లెట్టా. బడిలో వంటశాల ఉద్యోగం చేస్తూ, పిల్ల పళ్ళెంలో అందరికంటే ఒక ముక్క ఎక్కువ వేసింది కూడా ఆవిడే. మొదటి నెలలో ఒకరోజు ఆ పిల్ల భోజనాల దగ్గర, "నేను మిమ్మల్ని అమ్మా అని పిలవాలా?" అని అడిగింది. అర్లెట్టా నోరు తెరిచేలోపే లూషియస్ అందుకున్నాడు.

"ఆ పేరు ఒక్కళ్ళదే తల్లీ. ఈవిడ మిస్ అర్లెట్టా."

డెల్ఫీన్‌కు ఇప్పుడు ముప్ఫై దాటాయి, ఇద్దరు పిల్లల తల్లి. అర్లెట్టా మాత్రం ఆమెకు మిస్ అర్లెట్టాగానే ఉండిపోయింది.

లూషియస్ చెడ్డవాడని ఎవరూ అనరు. నేనూ అనను. చెయ్యెత్తలేదు, తాగి ఇంటికి రాలేదు, ఆదివారం తప్పకుండా చర్చికి తీసుకెళ్ళాడు. కానీ అతని చేతులకు అంటు కట్టడం ఒకటే వచ్చు. దక్షిణ జార్జియాలో అక్రోటులాంటి పీకాన్ కాయల తోటలున్న రైతులందరికీ అతను తెలుసు. నాటు మొక్క తల కోసి, మంచి చెట్టు పుల్ల తెచ్చి దాని మీద కూర్చోబెట్టడం అతని పని. చలికాలంలో చెట్టు నిద్రపోతున్నప్పుడు పుల్లలు కోసి, తడి కాగితంలో చుట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో దాచేవాడు. వసంతంలో బెరడు వదులవగానే కత్తి పట్టుకుని బయల్దేరేవాడు. అతను కట్టిన అంటు పోవడమనేది లేదని చెప్పుకునేవారు. పనినుంచి విశ్రాంతి తీసుకున్నా, ఏడాదికోసారి ఆ కత్తి నూరుకోకపోతే తోచేది కాదు.

సెప్టెంబరు తుఫానుకి కొరీన్ చెట్టు మొదలు నిలువునా చీలింది. చెట్లు కొట్టే మనిషి వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఈసారి గాలొస్తే మీ పడగ్గది మీదే పెద్దాయనా. కొట్టించెయ్యాలి. కానీ ఊరంతా పడ్డ చెట్లే, నా వంతు జనవరికి గానీ రాదు."

ఆ రాత్రి లూషియస్ ముద్ద ముట్టలేదు. మర్నాడు పొద్దున పొయ్యి దగ్గర మొక్కజొన్న రవ్వ జావ కలుపుతూ అర్లెట్టా కూనిరాగం తీసింది. తీస్తున్నానని ఆమెకే తెలియదు. గుడ్లు అప్పడగడానికి వచ్చిన పక్కింటి వాష్టి గుమ్మంలో నిలబడి విన్నది.

"ఏమే అర్లెట్టా, మీ ఆయన వరండాలో కూర్చుని ఏడుస్తుంటే నువ్విక్కడ పాటలు పాడుతున్నావా?"

"ఉష్! గట్టిగా అనకే, వింటాడు."

"విననీ. ఇరవయ్యేళ్ళు ఆ ముళ్ళకాయలు ఎత్తిన నడుం నీది. నేనైతే డప్పు కొట్టించేదాన్ని."

ఆ సాయంత్రం వరండాలో లూషియస్ నోరు విప్పాడు.

"అక్కడ ఖాళీగా ఉంటే నేను చూడలేను అర్లెట్టా. ఇంకో చెట్టు పెట్టాలి."

"పెడదాం. డాగ్‌వుడ్ పెడదామా? తెల్లటి పూలు..."

"స్వీట్‌గమ్."

ఊరుకోవడం ఆమెకు బాగా అలవాటు. కానీ ఆరోజు ఎక్కణ్ణుంచి వచ్చిందో ధైర్యం.

"సరే, స్వీట్‌గమే. కానీ ఏ రకమో నేను ఎంచుతాను. నువ్వు నోరెత్తకూడదు."

లూషియస్ ఆమె వైపు తిరిగి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, కాస్త ఆశ్చర్యమే ఉంది. "నీ ఇష్టం. నీ చెట్టు," అన్నాడు.

నీ చెట్టు! ఆ రెండు మాటలూ ఆమె రాత్రంతా మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఆ ఇంట్లో కర్టెన్ల కమ్మీలు కొరీన్‌వి. పండగ పళ్ళేలు కొరీన్‌వి. పెరట్లో గులాబీ కొరీన్‌ది. మంచం కొత్తదే కానీ దాని మీద పరిచే బొంత కొరీన్ అమ్మ కుట్టినది. ఇంతకాలంలో, వాకిట్లో నిలబడి "ఇది నాది" అని వేలెత్తి చూపించుకోవడానికి ఆమెకంటూ ఒక్కటి రాబోతోంది.

స్వీట్‌గమ్ కొనాలంటే నవంబరులోనే కొనాలి, ఆకు మీద ఉండగా. ఒకే చెట్టు గింజలకి మొలిచిన పిల్లల్లో కూడా ఆకు రాలేముందు ఒకటి పసుపవుతుంది, ఒకటి ఎరుపవుతుంది, ఇంకొకటి ఏ రంగూ రాకుండా మాడిపోతుంది. మోడుగా ఉన్నప్పుడు కొన్నవాళ్ళు తర్వాత మొత్తుకున్నా లాభం లేదు. అందుకే ఆ నెలలో ఊళ్ళో ఆడవాళ్ళంతా నర్సరీకి వెళ్ళి, బట్టలకొట్టులో లాగా ఒక్కో ఆకూ వేళ్ళతో పట్టి, వెలుగుకి తిప్పి చూస్తారు.

అర్లెట్టా, లూషియస్ వెళ్ళిన రోజు నర్సరీ నడిపే కార్ల్‌టన్ కుండీల మధ్య ముందు నడుస్తూ చూపించాడు.

"ఇది చూడండి మిస్ అర్లెట్టా. నిటారుగా కర్రలా పెరుగుతుంది. ఇరుకు వాకిళ్ళకి బాగుంటుంది."

"మా వాకిలికేం ఇరుకు? దీనికింద నిలబడితే నా ముక్కుకైనా నీడ వస్తుందా?"

"అయితే ఈ నల్లెరుపుది. ఊళ్ళో చెట్లన్నీ రాల్చేసుకున్నా ఇది కొత్త సంవత్సరం దాకా ఆకు వదలదు."

ఆ రంగు నిజంగా బాగుంది, మగ్గిన మస్కడైన్ ద్రాక్షలా ఉంది. లూషియస్ కళ్ళు కూడా దాని మీదే ఆగాయి. అర్లెట్టా ఒక ఆకు తెంపి వాసన చూసింది.

"కాయలు కాస్తుందా?"

"స్వీట్‌గమ్ అన్నాక కాయదా అండీ!"

ఆకు కింద పడేసి ముందుకు నడిచింది. ఆకుల మీద సున్నం చిలకరించినట్టున్న మరో రకం దగ్గర కూడా అదే ప్రశ్న, అదే జవాబు. వరస చివర ఒక మొక్క ఉంది. దాని ఆకుకి మామూలు స్వీట్‌గమ్‌కుండే నక్షత్రపు మొనలు లేవు. ఐదు పాయలున్నాయి గానీ ప్రతి పాయా చివర గుండ్రంగా తిరిగి ఉంది.

"ఇదేంటి?"

"దీనికి కాయలు కాయవండీ."

"ఎప్పటికీనా?"

"ఎప్పటికీ. ఇంటికంటే ఎత్తు పెరిగినా ఒక్క కాయ పడదు. కాకపోతే నిజం చెప్పాలి కదా, కొమ్మ కాస్త పెళుసు. రంగు కూడా ఆ నల్లెరుపు దానంత రాదు."

లూషియస్ మెడ ముందుకు చాచి చూశాడు. "స్వీట్‌గమ్ ఆకంటే మొనలుండాలి. ఇదేంటి, ఎలుక కొరికినట్టు?"

"నోరెత్తనన్నావు."

"నోరెత్తానా? ఆకు గురించి అన్నాను."

"ఆకూ నోరే. ఎత్తకు."

కార్ల్‌టన్ నవ్వాడు. కుండీ పక్కకి లాగుతూ, ఏదో ఒకటి మాట్లాడాలి గనక, "మీ పాత చెట్టు కూడా మా నాన్న దగ్గరే కొన్నారంట. మిస్ కొరీన్ గారు వచ్చి పొద్దున్నించీ మధ్యాహ్నం దాకా ఎంచారని నాన్న చెప్పేవాడు. ఆవిడ కన్ను..."

"బాబూ," అంది అర్లెట్టా, "ఆవిడ కన్ను సంగతి తర్వాత. ముందు నా చెట్టు బండెక్కించు."

నా చెట్టు అనడం అదే మొదటిసారి. ఇంటికెళ్ళేదాకా ఆమె అద్దం దించుకుని వెనక ట్రక్కులో ఊగుతున్న గుండ్రటి ఆకులను మెడ తిప్పి చూస్తూనే ఉంది.

పాత చెట్టు కొట్టేదాకా కొత్తది కుండీలోనే వరండా పక్కన ఉంది. ఆమె పొద్దున్నే దాని మట్టిలో వేలు గుచ్చి తడి చూసేది. మంచు పడుతుందన్న రాత్రులు కుండీకి పాత దుప్పటి చుట్టేది. వాష్టి కంచె మీదుగా ఏడిపించేది.

"పేరు పెట్టావా దానికి? పాస్టర్ గారితో చెప్పి బాప్తిస్మం ఇప్పించు!"

"నవ్వవే, నవ్వు. వచ్చే చలికాలం నేను వరండాలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటే నీ నవ్వు ఎక్కడికి పోతుందో చూస్తా."

జనవరిలో రంపాలు వచ్చాయి. లూషియస్ కోటు వేసుకుని పొద్దున్నించీ సాయంత్రం దాకా ఆరుబయటే నిలబడ్డాడు. అర్లెట్టా పనివాళ్ళకి కేక్ చేసి పెట్టింది, ముఖంలో సంతోషం కనపడకుండా ఉండటానికి మాటిమాటికీ లోపలికి పోయింది. కిటికీలోంచి చూస్తే, పడ్డ చెట్టు చివరి కొమ్మల్లోంచి లూషియస్ వంగి కొన్ని సన్నపుల్లలు కోసుకుంటున్నాడు. కట్ట కట్టి, తడి కాగితంలో చుట్టి, లోపలికి తెచ్చాడు.

"ఫ్రిజ్‌లో కాస్త చోటుందా?"

"ఏంటవి?"

"ఊరికే. గుర్తుకి."

ఆమెకు జాలేసింది. కుళ్ళిపోయేదాకా దాచుకుంటాడు పాపం, దాచుకోనీ అనుకుంది. అరలో ఉన్న ఆకుకూరలన్నీ ఒక పక్కకు జరిపి తనే చోటు చేసిచ్చింది.

ఫిబ్రవరిలో మిగిలిన మొద్దును యంత్రంతో పొడి చేయించి, ఆ గుంటకి కాస్త ఇవతల కొత్త మొక్కను నాటారు. గొయ్యి లూషియసే తవ్వాడు, చక్కగా తవ్వాడు కూడా. మార్చి ఆఖరుకి చిగురు విప్పుకుంది, పసిపిల్ల వేళ్ళంత గుండ్రటి పాయలు. అర్లెట్టా దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. నీడ ఆమె ఒళ్ళోకి కూడా వచ్చేంత లేదు. అయినా కూర్చుంది. మొక్క లూషియస్ కంటే ఒక మూరెడు ఎత్తుంది, కాండం ఆమె చేతి మణికట్టంత ఉంది, కింద ఒకటి పైన రెండు మంచి కొమ్మలున్నాయి. ఆ కుర్చీలో కూర్చున్న కాసేపూ ఆమె సుఖంగా ఉంది. ఈ కథలో ఆ మాట అనగలిగిన చోటు ఇదొక్కటే.

ఈస్టర్ కాగానే మేకన్‌లో ఉన్న చెల్లెలికి మోకాలి ఆపరేషన్ అయింది. చూసుకునే దిక్కు లేక అర్లెట్టా వెళ్ళింది. రోజూ ఇంటికి ఫోన్ చేసేది. మందులేసుకున్నావా అని అడిగాక, "నా చెట్టెలా ఉంది?" అని అడిగేది.

"బాగుంది. కొత్త చిగుళ్ళు వేస్తోంది," అనేవాడు లూషియస్. అందులో ఒక్క అబద్ధం లేదు.

అమ్మల పండగకు ముందు శనివారం ఆమె తిరిగొచ్చింది. బండి వాకిట్లో ఆపి, దిగకుండా అలాగే స్టీరింగు పట్టుకుని కూర్చుండిపోయింది. మొక్కకు తల లేదు. నడుమెత్తున అడ్డంగా కోసేసి ఉంది. కోసిన చోట వెండిరంగు రేకు చుట్టి, పైన ప్లాస్టిక్ సంచి కట్టి ఉంది. దాంట్లోంచి రెండు పుల్లలు పైకి లేచి ఉన్నాయి. పుల్లల మీద ఆకులు. ఐదు మొనలు, నక్షత్రంలాగా. కింద ఒక్క కొమ్మ మాత్రం పాతదే, గుండ్రటి ఆకులతో.

ఆ ఆకులు ఎవరివో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇరవయ్యేళ్ళు ఊడ్చింది.

లూషియస్ లోపల్నుంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. పెళ్ళయ్యాక ఆ మొహం అలా వెలగడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"చూశావా? మూడు పుల్లలు పెట్టాను, రెండు పట్టాయి! పీకాన్ తప్ప ఇంకోటి కట్టలేడు మిమ్స్ అన్నారు, రమ్మను ఇప్పుడు ఒక్కొక్కణ్ణీ. కొరీన్ చెట్టు బతికింది అర్లెట్టా!"

"నా చెట్టు ఏది లూషియస్?"

"ఇదే కదా. ఎక్కడికి పోయింది? వేరు నీదే, మొదలు నీదే. పై కొమ్మే కదా మార్చాను."

"రోడ్డు పక్క కాలవ నిండా స్వీట్‌గమ్ మొక్కలే. పీకేవాడు లేక పడున్నాయి. దాని మీద కట్టుకోలేకపోయావా?"

అతను నిజంగానే ఆలోచించాడు. పనివాడు పని గురించి అడిగితే ఆలోచించినట్టు.

"కాలవ మొక్కకి బలమేదీ? ఇదైతే నువ్వు పొద్దున్నే లేచి నీళ్ళు పోసి, దుప్పట్లు కప్పి పెంచావు. దీని వేరు బలం వేరు. చోటు కూడా ఇదే సరైన చోటు, ఆవిడ పెట్టిన చోటు." అతను గొంతు తగ్గించాడు. "ఇంకో మాట తెలుసా? ముసలి చెట్టు పుల్ల గనక ఎక్కువ ఆగక్కర్లేదు. నాలుగైదేళ్ళలో కాయలు కూడా వచ్చేస్తాయి."

అర్లెట్టా సంచి తీసుకుని లోపలికి పోయింది. అరిచి ఉంటే బాగుండేది. నేనైతే ఊరు లేచేలా అరిచేదాన్ని. ఆమె చికెన్ ఉప్పునీళ్ళలో నానేసింది, మర్నాడు డెల్ఫీన్ వాళ్ళు భోజనానికి వస్తారు గనక.

ఆదివారం చర్చిలో అందరూ పూలు పెట్టుకున్నారు, తల్లి ఉన్నవాళ్ళు ఎర్రవి, తల్లి లేనివాళ్ళు తెల్లవి. డెల్ఫీన్ తెల్లది పెట్టుకుంది. పిన్ను సరిగా గుచ్చుకోవడం లేదంటే అర్లెట్టాయే గుచ్చింది. చిన్నప్పుడు కూడా ఆమే గుచ్చేది.

భోజనాలయ్యాక డెల్ఫీన్, ఆమె పిల్లలు, లూషియస్ అందరూ వాకిట్లోకి వెళ్ళారు. డెల్ఫీన్ ఆ నక్షత్రపు ఆకును రెండు వేళ్ళతో తాకి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నాన్నా, ఇంతకంటే మంచి కానుక నాకెవరూ ఇవ్వలేదు. మా అమ్మ మళ్ళీ వచ్చినట్టుంది." అలా అంటూ వరండా మెట్టు మీద నిలబడ్డ అర్లెట్టాను చూసింది. ఫోను చాచింది. "మిస్ అర్లెట్టా, మీరు కాస్త ఫోటో తీస్తారా? మేమందరం అమ్మ చెట్టు దగ్గర. మీకైతే చెయ్యి వణకదు."

నిజమే, వణకలేదు. తాత, కూతురు, మనవలు, మధ్యలో కొరీన్ రెండు పుల్లలు. అందరూ పట్టేలా రెండడుగులు వెనక్కి జరిగి, తీసింది.

"కింద ఆ కొమ్మ అడ్డమొస్తోంది," అంది డెల్ఫీన్ ఫోటో చూసుకుంటూ. "ఆకు వేరేలా ఉంది. తీసెయ్యరాదా నాన్నా?"

"ఇప్పుడే వద్దమ్మా. దానితో పనుంది."

వాళ్ళు వెళ్ళేసరికి ఇంకా వెలుతురుంది. లూషియస్ కుర్చీ తెచ్చుకుని మొక్క పక్కనే కూర్చున్నాడు, అది అర్లెట్టా కుర్చీయే. చేతులు తుడుచుకుంటూ ఆమె వెళ్ళి అతని పక్కన నిలబడింది.

"ఆ కింది కొమ్మతో ఏం పని లూషియస్?"

పని గురించి అడిగితే అతనికి ఎప్పుడూ ఇష్టమే. "అదా? అదే లేకపోతే ఇదంతా లేదు. పైన పెట్టిన పుల్లకి సొంత ఆకు ఎంత, చెంచాడు. వేరుకు తిండి పెట్టేది ఆ కింది కొమ్మే. పైది నిలదొక్కుకునేదాకా పోషించేది అదే. అసలు నాటిన ఏడే అంటు కట్టకూడదు, ఎవరైనా తిడతారు. ఆ కొమ్మ ఉందనే ధైర్యం చేశాను."

"పైది నిలదొక్కుకున్నాక?"

"కోసేస్తాం. వచ్చే ఏడు ఈపాటికి. అప్పటికి దాని అవసరముండదు, పైగా ఉంటే పైదాన్ని ఎదగనివ్వదు."

ఎంత మామూలుగా అన్నాడో! ఆమె ముఖం వంక చూసి ఉంటే ఆగేవాడేమో. చూపు పైపుల్లల మీదే ఉంది.

అర్లెట్టా లోపలికి వెళ్ళింది. అతని పనిముట్ల పెట్టె ఎప్పుడూ వంటింటి తలుపు వెనకే ఉంటుంది. మడత రంపం తీసింది. బయటికొచ్చి, మొక్క ముందు వంగింది. లూషియస్ అనుకున్నది వేరు. ఎగిరి లేచి, రెండు చేతులూ కొరీన్ పుల్లలకు అడ్డం పెట్టాడు.

"అర్లెట్టా! దాన్ని ముట్టుకోకు! నీకు దణ్ణం పెడతా, దాని జోలికి పోకు!"

"దాని జోలికి నేనెందుకు పోతాను? అది నాది కాదుగా."

రంపం కింది కొమ్మ మీద పెట్టింది. కార్ల్‌టన్ నిజమే చెప్పాడు, పెళుసు. నాలుగు లాగులకి సగం తెగి, మిగతాది దాని బరువుకదే పుటుక్కున విరిగింది. గుండ్రటి ఆకులు గడ్డి మీద బోర్లాపడ్డాయి.

"పిచ్చెక్కిందా నీకు? అది లేకపోతే ఇది బతకదు! జూన్ ఎండకే మాడిపోతుంది! ఇప్పుడే చెప్పాను కదా, విన్నావు కదా!"

"విన్నాను. నువ్వు చెప్తేనే తెలిసింది."

"కావాలంటే కోపం నా మీద చూపించు. ఏం పాపం చేసిందది? నీ కొమ్మే కదే అది, నీదే కదా!"

"నాదే. అందుకే కోశాను. నీ చేత కోయించుకోవడం ఇష్టంలేక."

ఆ మాట అతనికి చేరిందో లేదో. అప్పటికే అతను మొక్క ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆదివారం టోపీ తీసి, పడమటి ఎండ తగలకుండా ఆ రెండు పుల్లలకు నీడ పట్టాడు. వాటితోనే ఏదో గొణుగుతున్నాడు, బతిమాలుతున్నాడు. ఆ గొంతులో అంత మెత్తదనం ఉందని ఆమెకు తెలియదు. రంపం పట్టుకుని నిలబడి కాసేపు విన్నది. ఆమె కోసిన కొమ్మ మీదే అతను మోకాళ్ళు ఆనించి ఉన్నాడు. కింద ఆకులు నలుగుతున్నాయి. అది కూడా అతనికి తెలియలేదు.